తెర మీద నా చెవి

ఆ రోజుల్లో మా చుట్టాలందరిలో నా నెమ్మదికి గొప్ప పేరుండేది. "పోరి ఎంత నిమ్మళంగ మాట్లాడ్తదో సూడుండ్రి, పక్కన కూసున్నోళ్లకు గూడ ఇనవడది" అని మా మేనత్త పెళ్ళిళ్ళలో నన్ను చూపించి తన కూతుళ్ళను తిట్టేది. చర్చిలో పాస్టరమ్మగారు సాత్వికమైన స్వభావం గురించి మాట్లాడినప్పుడల్లా ఆవిడ చూపు నా వైపు తిరిగేది. నేను కళ్ళు దించుకుని, ఇదంతా నా సంస్కారం, మా అమ్మ పెంపకం అనుకుంటూ లోపల్లోపల మురిసిపోయేదాన్ని. ఎదుటివాళ్ళు ఏదైనా మెల్లగా చెబితే రెండోసారి అడిగి ఇబ్బంది పెట్టకుండా చిరునవ్వు నవ్వి తలూపడం కూడా ఆ సంస్కారంలో భాగమే. (తలూపితే మనిషి ఎంత దూరం పోవచ్చో ముందు ముందు మీకే తెలుస్తుంది.) ఆ రోజులంటే మరీ పాతవేమీ కావు. మెట్రో అప్పటికే రాయదుర్గం దాకా వచ్చేసింది, అక్కడి అద్దాల మేడలు అప్పటికే ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ నిలబడి ఉన్నాయి. కానీ ఒక మనిషి తన గురించి తనకు తెలియకుండా బతికిన కాలం ఏదైనా పాతకాలంలాగే అనిపిస్తుంది.

అప్పుడు నేను చెవి, ముక్కు, గొంతు విభాగంలో పీజీ చేస్తున్నాను. కూకట్‌పల్లిలో ఒక మేడ మీది వాటాలో నేనూ అమ్మా ఉండేవాళ్ళం. అమ్మ జిల్లా దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైంది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. మా ప్రొఫెసర్‌ను మేమంతా పెద్దసార్ అనేవాళ్ళం. ఆ ఏడాది చెవి ఆపరేషన్ల మీద, ముఖ్యంగా ఎండోస్కోప్ పెట్టి చేసే కొత్త పద్ధతుల మీద హైటెక్ సిటీలో ఒక పెద్ద కాన్ఫరెన్స్ పెట్టే బాధ్యత ఆయన నెత్తిన పడింది. అంటే మా నెత్తిన పడింది. మెడలో వేలాడే బ్యాడ్జీలు పంచడం, దూరం నుంచి వచ్చిన డాక్టర్లకు బాత్రూములు ఎటో చూపించడం, భోజనాల దగ్గర రద్దీని ఆపడం పీజీల పని. నాకంటే సీనియర్ అన్న ఒకడు అందరి ప్రసంగాల స్లైడ్లూ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని దాన్ని తాయెత్తులా మెడలో కట్టుకు తిరిగేవాడు కనుక అతన్ని స్లైడ్లన్న అనేవాళ్ళం.

మొదటి రోజు పొద్దున నేను పట్టుచీర కట్టుకుని మెట్రో ఎక్కాను. చెవి డాక్టర్ల సభ ఎలా ఉంటుందో చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. సినిమా హాలంత తెర, ఆ తెర నిండా ఒక చెవి లోపలి భాగం. కర్ణభేరి పున్నమి చంద్రుడంత కనిపిస్తుంది, గుబిలి ముక్క గోల్కొండ బురుజంత. ఎవరి చెవిలోంచో చీము కారుతూ ఉంటే ముందు వరుసలో కూర్చున్న పెద్దలు తెర మీంచి చూపు తిప్పకుండా గులాబ్ జామూన్ తింటుంటారు. కాన్ఫరెన్స్ మొత్తానికి పెద్ద ఆకర్షణ చివరి రోజు జరగబోయే లైవ్ ఆపరేషన్. దగ్గర్లోని ఆసుపత్రి థియేటర్‌లో ఆపరేషన్ చేస్తుంటే హాల్లో అందరూ తెర మీద చూస్తారు, మైకులో ప్రశ్నలు అడుగుతారు, చేసే డాక్టరు చేస్తూనే జవాబులిస్తాడు. చేయడానికి గోదావరి జిల్లా నుంచి ఒక ప్రసిద్ధుడు వచ్చాడు. ఆయన చేయి ఒకసారి చెవిలోకి వెళ్తే పని పూర్తికాకుండా బయటికి రాదని పేరు. ఆయన ముఖం కంటే ఆయన చేతులనే వీడియోల్లో ఎక్కువగా చూసినవాళ్ళం మేము. ఎదురుగా వచ్చినప్పుడు చేతులు చూసి గుర్తుపట్టి నమస్కారం పెట్టాను. మేమంతా ఆయన్ని గోదావరి సార్ అన్నాం.

భోజనాలకు ముందు స్లైడ్లన్న నన్ను స్టాళ్ళ వైపు లాక్కెళ్ళాడు. వినికిడి పరీక్ష చేసే యంత్రాలు అమ్మే కంపెనీవాళ్ళు ఒక చిన్న అద్దాల గది పెట్టి, డాక్టర్లు ఎవరైనా కూర్చుని చూడొచ్చని పిలుస్తున్నారు. ఎవరూ కూర్చోవడం లేదు. (చెవి డాక్టర్లు తమ చెవుల జోలికి పోరు, అది వృత్తిధర్మం కాబోలు.) "జర పోయి కూసో, పాపం ఆ పిల్లగాడు పొద్దుటి నుంచి ఒక్కడే ఉన్నడు" అన్నాడు స్లైడ్లన్న. సరే, ఒకరికి మేలు చేసినట్టు ఉంటుందని వెళ్ళి కూర్చున్నాను. తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి బటన్ ఇచ్చి, శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కమన్నాడు. కుడి చెవికి అయిపోయింది. ఎడమ చెవికి మొదలుపెడతానని సైగ చేశాడు. నేను బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. అతను అద్దం అవతల ఏవో మీటలు తిప్పుతున్నాడు. కాసేపయ్యాక నాకు విసుగొచ్చి తలుపు తీశాను.

"బాబూ, ఇంకా మొదలుపెట్టలేదా?"

అతను నా వైపు వింతగా చూశాడు. "ఎప్పుడో పెట్టినండి మేడమ్. మీరే బటన్ నొక్కుతలేరు."

స్లైడ్లన్న పకపకా నవ్వాడు. యంత్రం పాడైందని నేనూ నవ్వాను. ఆ అబ్బాయి మాత్రం నవ్వలేదు. ఎడమ చెవిది మళ్ళీ చేశాడు. తర్వాత చెవి వెనకాల ఎముక మీద పరికరం పెట్టి చేశాడు. అప్పుడు అన్నీ వినిపించాయి, గంట కొట్టినట్టు. గ్రాఫ్ బయటికి వచ్చింది. దాన్ని చూస్తూ చూస్తూ స్లైడ్లన్న నవ్వు సగంలో ఆగిపోయింది. అలాంటి గ్రాఫ్ చూపించి ఇదేం రోగమో చెప్పమని మా పరీక్షల్లో అడుగుతారు. చూడగానే చెప్పకపోతే ఫెయిల్ చేస్తారు. చెవిలో బియ్యపు గింజ కంటే చిన్నదైన ఎముక ఒకటి ఉంటుంది. గుర్రమెక్కేవాళ్ళు కాలు పెట్టే రికాబులా ఉండే ఆ ఎముక కదిలితేనే శబ్దం లోపలికి పోతుంది. కొందరికి అది మెల్లమెల్లగా బిగుసుకుపోతుంది. నాది బిగుసుకుపోయింది.

నేను నేరుగా లేడీస్ టాయిలెట్‌కి వెళ్ళాను. కాన్ఫరెన్స్ సంచీలో అందరికీ ఒక శ్రుతిదండం, అంటే కొడితే మోగే ట్యూనింగ్ ఫోర్క్, పెట్టి ఇచ్చారు. దాన్ని మోచేతికి కొట్టి చెవి ముందు పెట్టుకున్నాను, చెవి వెనకాల ఎముకకు ఆనించాను, మళ్ళీ ముందు పెట్టుకున్నాను. పట్టుచీర కట్టుకున్న ఒకమ్మాయి అద్దం ముందు నిలబడి ఇనుప కడ్డీతో తన మోచేతిని తానే కొట్టుకుంటుంటే, చేతులు కడుక్కోవడానికి వచ్చిన పెద్దావిడ చేతులు కడుక్కోకుండానే వెళ్ళిపోయింది. ఎన్నిసార్లు కొట్టుకున్నా జవాబు ఒకటే. ఎముక మీద మోగుతోంది, గాలిలో లేదు.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తుకు రావడం మొదలైంది. ఈ రోగం ఉన్నవాళ్ళు మెల్లగా మాట్లాడతారు, ఎందుకంటే తమ గొంతు తమ తలలోనే గట్టిగా మోగుతుంది. ఈ రోగం ఉన్నవాళ్ళకు గోలలోనే బాగా వినిపిస్తుంది, ఎందుకంటే గోలలో అందరూ అరుస్తారు. మా ఓపీ ఎప్పుడూ సంతలా ఉంటుంది కనుక నాకు ఏనాడూ అనుమానం రాలేదు. ఇవన్నీ నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే. మా మేనత్త మెచ్చుకున్నదీ, పాస్టరమ్మగారు కళ్ళతో చూపించిందీ నా సంస్కారాన్ని కాదు, నా రోగలక్షణాన్ని. ఆ టాయిలెట్‌లో నాకు చెవి పోయిన బాధ కంటే ముందు, నా మంచితనం పోయిన బాధ కలిగింది. నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగకపోతే భయం వేసి ముఖం కడుక్కున్నాను.

అదే సమయంలో ఇంకో చోట ఇంకో ఉపద్రవం జరిగింది. లైవ్ ఆపరేషన్‌కు ఒప్పుకున్న పేషెంట్ పారిపోయాడు. అతనిదీ నా రోగమే. ఆసుపత్రి వరండాలో అంటించిన పోస్టర్ చూసి, "గీ లైవ్ అంటే ఏందన్నా?" అని పక్కనున్నవాణ్ణి అడిగాడట. "బతికుండంగనే చేస్తరు" అని ఆ మహానుభావుడు చెప్పాడట. అంతే, పేషెంట్ చెప్పులు కూడా వదిలేసి బస్టాండుకు వెళ్ళిపోయాడు. పెద్దసార్ తల పట్టుకుని కూర్చున్నారు. అచ్చం అలాంటి కేసు ఇప్పటికిప్పుడు ఎక్కడ దొరుకుతుంది? సరిగ్గా అప్పుడే స్లైడ్లన్న నా గ్రాఫ్ తీసుకెళ్ళి ఆయనకు చూపించాడు. (నామీద జాలితోనే చూపించాడు. అతన్ని ఇప్పటికీ ఏమీ అనలేను.)

మధ్యాహ్నం పెద్దసార్ నన్ను హాలు బయట తివాచీ పరిచిన నడవాలోకి పిలిచారు. అక్కడ చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. అంటే నాకు అన్నిటికంటే కష్టమైన చోటు. పైగా ఆయన నా ఎడమ పక్కన నిలబడ్డారు. విషయం సున్నితమైనది కనుక గొంతు బాగా తగ్గించారు. గ్రాఫ్ గురించి ఏదో అన్నారు, తలూపాను. గోదావరి సార్ పేరు వినపడింది, తలూపాను. చివరకు ఆయన అడిగిన మాట నాకు వినిపించినంత వరకు ఇది: "మరి ఎల్లుండి కేసుకు నువ్వుంటవా అమ్మా?"

కేసుకు! అంటే గోదావరి సార్ పక్కన నిలబడి పరికరాలు అందించే అవకాశం. పీజీలు జీవితమంతా చెప్పుకునే అదృష్టం. నా చెవి సంగతి తెలిసి, నేను దిగులుపడకుండా సార్ ఇలా దయ చూపిస్తున్నారనుకున్నాను. "ఉంటా సార్. ఇంతకంటే ఏం కావాలి సార్ నాకు" అన్నాను. పెద్దసార్ కళ్ళు చెమర్చాయి. నా తల మీద చేయి పెట్టి, "నీ ధైర్యానికి మెచ్చుకోవాలె బిడ్డా" అన్నారు. పరికరాలు అందించడానికి ధైర్యం ఎందుకా అని ఒక్క క్షణం అనిపించింది. అడిగితే బాగుండదని తలూపాను.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి రమ్మంటే, ముందుగా థియేటర్ చూపిస్తారు కాబోలనుకుని వెళ్ళాను. థియేటర్ దుస్తులు ఇవ్వమంటే అక్కడి సిస్టర్ నాకు వీపు వైపు తాళ్ళు కట్టుకునే గౌను ఇచ్చింది.

"సిస్టర్, ఇది పేషెంట్ గౌను."

"మరి పేషెంటే కదా మేడమ్ మీరు" అంటూ ఆమె నా మణికట్టుకు ఒక పట్టీ చుట్టింది. దాని మీద నా పేరు, కింద 'ఎడమ చెవి' అని ఉన్నాయి. ఇంకో చేత్తో కత్తెర తీసింది, చెవి చుట్టూ వెంట్రుకలు కత్తిరించడానికి.

అప్పుడు అర్థమైంది. పెద్దసార్ అడిగింది 'కేసుకు నువ్వుంటవా' అని కాదు, 'కేసుగ నువ్వుంటవా' అని. ఒకే ఒక్క అక్షరం. నా ఎడమ చెవి మింగేసిన అక్షరం. నేను ఆ గౌను చేత్తో పట్టుకుని, పట్టీ కట్టిన చేతిని పైకెత్తి, పోలీసులకు లొంగిపోయినదానిలా మంచం అంచున కూర్చుండిపోయాను. తర్వాత అమ్మకు ఫోన్ చేశాను.

అమ్మ షేర్ ఆటోలో ఎలా వచ్చిందో ఏమో, చెమటలు కక్కుతూ వచ్చింది. అంతా విన్నాక మొదట కోపం వచ్చింది ఆవిడకు. "గదేంది? నా బిడ్డ చెవిని టీవీల పెట్టి సూపెడ్తరా? ఏమన్న తమాషనా?" తర్వాత నా పక్కన కూర్చుంది. నా మణికట్టు పట్టీ మీది అక్షరాలను వేలితో రుద్దింది. చివరకు, "మా అమ్మకు గూడ గిట్లనే అయింది" అంది.

నేను అమ్మమ్మను చూడలేదు. ఆవిడ యాక్సిడెంటులో పోయిందని మాత్రమే తెలుసు. "నేను కడుపుల పడ్డంక ఆమెకు ఇనవడుడు తగ్గిందట. పిలిస్తె పలుకదని, పొగరని మా నాయనమ్మ తిట్టేది. పొగరు గాదు బిడ్డా, పాపం ఆమెకు ఇనవడలే. పొలం కాడికెళ్లి వస్తుంటె ఎనక నుంచి లారీ వచ్చింది. హారన్ కొట్టిండట. మస్తుసార్లు కొట్టిండట." అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నర్సు పని నేర్చుకున్నంక తెల్సింది నాకు, అది రోగమని. అప్పటికి ఆమె లేదు."

అప్పటిదాకా నా రోగం నాకు ఒక గ్రాఫ్. ఆ క్షణం నుంచి దానికి ఒక రోడ్డు, ఒక లారీ, వెనక్కి తిరగని ఒక ఆడమనిషీ వచ్చి చేరారు. కుడి చెవి కూడా నెమ్మదిగా అదే దారిన పోతోందని గ్రాఫ్‌లో ఉంది. ఆ మాట అమ్మకు ఇంకా చెప్పలేదు.

పెద్దసార్‌కు ఫోన్ చేసి జరిగింది చెబితే ఆయన హడలిపోయారు. పరుగున వచ్చారు. "అయ్యో, నువ్వు ఒప్పుకున్నవనుకున్న తల్లీ. ఇనవడని మనిషిని పట్టుకుని గుసగుస పెట్టిన, నేనేం డాక్టర్ని!" అని తన నుదురు తానే కొట్టుకున్నారు. "ఇగ ఇడిచిపెట్టు. ఆపరేషన్ లేదు, ఏం లేదు. నీ చెవి, నీ ఇష్టం. హాల్లో అందరికి ఏదో పాత వీడియో ఏస్త." నిజానికి నేను అక్కడితో ఇంటికి వెళ్ళిపోవచ్చు. కానీ అమ్మ చెప్పింది విన్నాక ఈ ఆపరేషన్ ఎప్పటికైనా చేయించుకోవాలనే అనిపించింది. చేయించుకుంటే గోదావరి సార్ కంటే మంచి చేయి నాకు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? ఒకసారి ఆయనతో మాట్లాడతానన్నాను.

గోదావరి సార్ మధ్యాహ్నం వచ్చారు. స్కాన్ చూశారు, అంతా బాగానే ఉందన్నారు. నా చెవిలో చూశారు. నా కుడి పక్కకు వచ్చి, ఎదురుగా కూర్చుని, పెదవులు కనిపించేలా మాట్లాడారు. "చూడమ్మా, ఎక్కువమందికి బాగా వినిపిస్తుందండి. కొద్దిమందికి ఉన్నది కూడా పోతుంది. అది నీకు తెలుసు, నువ్వు చదువుకున్నదే. తెర మీద వద్దంటే కెమెరా కట్టేయిస్తాను. వచ్చే నెల మా ఊరికి వచ్చి చేయించుకుంటానన్నా సరే."

నేను జవాబు చెప్పేలోపు అమ్మ లేచి నిలబడింది. ఏళ్ళ తరబడి డాక్టర్ల వెనకాల నిలబడిన మనిషి, ఆ రోజు ఎదురుగా నిలబడింది.

"సార్, మీరు మొదలువెడ్తె ఆపరని అందరు అంటరు. నా బిడ్డ చెవిల ఆపాల్సి వస్తె ఆపుతరా? అంతమంది సూస్తుండంగ?"

పెద్దసార్ కంగారుపడి ఆవిణ్ణి వారించబోయారు. గోదావరి సార్ చేత్తో ఆగమన్నారు. ఆయన ముఖంలో కాస్త నొచ్చుకున్నట్టు కనిపించింది. తర్వాత, "ఆపుతానండి" అన్నారు. "ఆపకపోతే మీరే లోపలికొచ్చి ఆపండి." అమ్మ నా వైపు చూసింది. నేను చేయించుకుంటానన్నాను, కెమెరా ఉన్నా పర్వాలేదన్నాను. నా పేరు, ముఖం ఎవరికీ తెలియకూడదని మాత్రం అడిగాను. ఈసారి తలూపలేదు, మాటల్లోనే చెప్పాను, కాగితం మీద సంతకమూ పెట్టాను.

చివరి రోజు. చెవికి మాత్రమే మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్ కనుక మెలకువగానే ఉన్నాను. ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు. ఆ గుడ్డ కింద నాదొక చిన్న ఆకుపచ్చ లోకం. బయట ఉన్నది నా ఎడమ చెవి ఒక్కటే, అదీ హాల్లో నాలుగు దిక్కులా కనిపించేంత పెద్దగా. హాలు మాటలు థియేటర్‌లోని స్పీకరులో గట్టిగా వస్తున్నాయి, నాకూ తెలుస్తున్నాయి. రీఫిల్ అంత సన్నని ఎండోస్కోప్ లోపలికి వెళ్ళగానే ఎవరో పెద్దాయన మైకులో, "ఆహా, ఎంత అందమైన కర్ణభేరండీ!" అన్నారు. హాలంతా అవునవునంది. నా అందం గురించి అంతమంది ఏకగ్రీవంగా ఒప్పుకోవడం నా జీవితంలో అదే మొదలు, అదే చివర. ఇంకెవరో పేషెంట్ వయసు అడిగారు. ఇంకెవరో తనకు భోజనం కూపన్ ఇవ్వలేదని అదే మైకులో ఫిర్యాదు చేశారు. ఒక చేత్తో ఎండోస్కోప్ పట్టుకుని ఇంకో చేత్తోనే పనంతా చేస్తూ గోదావరి సార్ అన్నిటికీ జవాబులు చెబుతున్నారు. కర్ణభేరిని దుప్పటి అంచు మడిచినట్టు మడిచారు. నాకు నొప్పి లేదు. తల లోపల ఎవరో ఇల్లు ఊడుస్తున్నట్టు చప్పుడు.

ఉన్నట్టుండి ఆయన మాటలు ఆగిపోయాయి.

హాల్లో కూడా మెల్లగా గుసగుసలు మొదలైనట్టున్నాయి. ఆయన ఇంగ్లీషులో ఒక్క ముక్క అన్నారు. ఆ ముక్క అర్థంకాని పేషెంట్ అయితే అదృష్టవంతురాలే. నాకు అర్థమైంది. ముఖాన్ని కదిలించే నరం ఉండాల్సిన చోట కాకుండా కిందికి జారి, సరిగ్గా ఆ ఎముక మీద పడుకుని ఉంది, పైన ఎముక కప్పు కూడా లేకుండా. స్కాన్‌లో అది తెలియలేదు. ఆ నరానికి దెబ్బ తగిలితే ముఖం ఒక పక్క పడిపోతుంది. కన్ను మూతపడదు, నీళ్ళు తాగితే పెదవి పక్కనుంచి కారిపోతాయి.

"కొంచెం పక్కకు జరిపి చేయొచ్చు కదండీ?" అని స్పీకరులో ఒక గొంతు. "మీ చేతికి అదెంత పని సార్!" అని ఇంకొకరు. ఎవరో ముందుగానే చప్పట్లు కూడా కొట్టారు. నా ఊపిరి నా చెవుల్లో మోగుతోంది. కదలకూడదు. వద్దని అరవాలని ఉంది, చేయండి అని అడగాలనీ ఉంది. వినపడే చెవి ఇక్కడికి కాస్త దూరంలోనే ఉంది, ఒక వెంట్రుకవాసి అవతల. ఆయన చేయి కదలడం లేదు. అది ఎంతసేపో నాకు తెలియదు. అమ్మ బయట బెంచీ మీద ప్రార్థన చేస్తూ ఉంటుందనుకున్నాను.

"లేదండి" అన్నారు గోదావరి సార్. "ఇక్కడితో ఆపుతున్నాను."

హాలు నుంచి ఒక్క చప్పుడు రాలేదు. ఆయనే మళ్ళీ అన్నారు: "ఈ నరాన్ని జరిపి చేసినవాళ్ళు ఉన్నారు. నేనూ చేశాను, బాగానే వచ్చింది కూడా. ఇవాళ చెయ్యి ముందుకు పోవడం లేదు. మీరంతా లేకపోయినా ఇదే చేసేవాణ్ణని అనుకోవాలని ఉందండి." కర్ణభేరిని తిరిగి పరిచేశారు. నా కన్నీళ్ళు కణత మీదుగా జారి కింద ఉన్న కుడి చెవిలోకి పోతుంటే సిస్టర్ గుడ్డ కిందికి చేయి పెట్టి తుడిచింది.

బయట అమ్మ నా ముఖం రెండు చేతులతో పట్టుకుని, "నవ్వు" అంది. నవ్వాను. రెండు పక్కలా చూసుకుంది. "కన్ను మూయి" అంది. మూశాను. తర్వాత వెనకాలే వచ్చిన గోదావరి సార్ వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. ఆయన తల వంచుకుని, "చెవి ఇవ్వలేకపోయానమ్మా" అన్నారు. "మొకం ఇచ్చిండ్రు గద సార్" అంది అమ్మ. హాల్లో అందరూ భోజనాలకు కాస్త ముందుగానే లేచారని, ముగింపు సభలో ఆ ఆపరేషన్ మాట ఎవరూ ఎత్తలేదని స్లైడ్లన్న తర్వాత చెప్పాడు. బాగా పనిచేసిన వాలంటీరుగా నాకు కూడా ఒక జ్ఞాపిక ఇచ్చారు. చెవి ఆకారంలో ఉంది.

ఆ తర్వాత వినికిడి యంత్రం పెట్టుకున్నాను. మొదట జుట్టు కప్పి తిరిగాను, కొన్నాళ్ళకు మానేశాను. యంత్రం పెట్టుకున్న రోజే తెలిసింది, అమ్మ వంటింట్లో పని చేసుకుంటూ పొద్దస్తమానం నన్ను సన్నగా తిడుతూనే ఉంటుందని. ఇన్నేళ్ళూ ఆ వంటింటి నిశ్శబ్దాన్ని ప్రశాంతత అనుకున్నాను. కుడి చెవి కూడా అనుకున్నట్టే దిగిపోతోంది. ఇప్పుడు నానక్‌రామ్‌గూడ దగ్గర ఒక క్లినిక్‌లో కూర్చుంటాను. రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఎంత పని ఉన్నా వెనక్కి తిరిగి, బాగా చూసి మరీ దాటుతాను.

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం స్లైడ్లన్న తన పాత సరంజామా సర్దుకుంటూ ఆ రోజు హాల్లో రికార్డు చేసిన వీడియో దొరికిందని పంపాడు. చూడాలా వద్దా అని కాసేపు తటపటాయించి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని లాప్‌టాప్‌లో పెట్టాను. నా చెవి లోపలిది నేనే చూస్తున్నాను. తెల్లటి నరం, కొంచెం ఉబ్బి, తడిగా మెరుస్తూ ఉంది. పక్కనే పరికరం మొన కదలకుండా నిలబడి ఉంది. అమ్మ నా చేయి పట్టుకుంది. "ఇక్కడితో ఆపుతున్నాను" అని వినిపించింది. ఆ తర్వాతి నిశ్శబ్దాన్ని నేను ఇన్నేళ్ళుగా ఎంతమందికి వర్ణించి చెప్పానో లెక్కలేదు. హాలంతా ఎలా మూగబోయిందో, ఆ గుడ్డ కింద నేను ఎంత నిబ్బరంగా కన్నీళ్ళు కార్చానో చెప్పి వాళ్ళ కళ్ళు కూడా తడిచేసేదాన్ని.

వీడియోలో ఆ నిశ్శబ్దం నిజంగానే ఉంది. ఆయన హాలుకు చెప్పిన మాటలూ ఉన్నాయి. అవి పూర్తయ్యాక గుడ్డ కింద నుంచి ఒక ఆడపిల్ల గొంతు, మైకు పుణ్యమా అని హాలంతా వినిపించేలా, ఏడుపులోంచే అడుగుతోంది.

"సిస్టర్... జర ముక్కు గోకుతరా? పొద్దుటి నుంచి దురద పెడ్తుంది. సచ్చిపోతున్న."

గోదావరి సార్, "ముందు ఆ అమ్మాయి ముక్కు సంగతి చూడండమ్మా" అనడం, అంత పెద్ద హాలూ ఒక్కసారిగా నవ్వేయడం, అన్నీ ఉన్నాయి. నాకు అందులో ఒక్క ముక్క గుర్తులేదు. అమ్మ నా వైపు చూసింది. "మస్తు నిబ్బరంగ ఉన్ననంటివి?" అంది. తర్వాత తెర వైపు తిరిగి, ఎవరో పక్కింటి పిల్లను చూసినట్టు, "ఎంత భయపడ్డదో పాపం పోరి" అంది.

వీడియో అయిపోయింది. నేను దాన్ని కొంచెం వెనక్కి జరిపి, ఆ పిల్ల మాట కోసం ఇంకోసారి పెట్టాను.